సంతకానికి ముందు, పాత కారులో

పోయిన వారం మనం కటింగ్ మాస్టరుని కార్ల షోరూములో ఒక మెత్తటి కుర్చీ అంచు మీద కూర్చోబెట్టి వదిలేశాం. పాపం వారమంతా అలాగే కూర్చున్నాడని బెంగపడకండి. మనకి వారం, ఆయనకి ఒక్క గుటక. పాత సెడాన్ ఇచ్చేసి కొత్త టర్బో కారు తీసుకోవడానికి అన్నీ సిద్ధమయ్యాయి. రంగు కుదిరింది. బేరం కుదిరింది. పాత కారుకి వాళ్ళు కట్టిన విలువ విని మాస్టరు మనసు కాస్త చివుక్కుమన్నా, అదీ కుదిరింది. ఇక మిగిలింది ఒకే ఒక్క సంతకం. పాత కారు ఆయన భార్య పేరు మీద ఉంది. ఆవిడ లెక్కల టీచరు. ఏ కాగితాన్నైనా పరీక్ష పేపరులాగే చదువుతుంది. చదివింది, తిప్పి ఇంకోసారి చదివింది, పెన్ను మూత పెట్టేసింది.

"ముందు అద్దాలెత్తాలండీ," అంది.

సరిగ్గా అక్కడ ఆపాం.

ఆ మాటకి సేల్స్ మేనేజరు షోరూము చుట్టూ ఉన్న నిలువెత్తు గాజు గోడల వంక చూసి, "ఇవి కదలవు మేడమ్, ఫిట్టింగు," అన్నాడు ఎంతో వినయంగా. మాస్టరుకి మాత్రం అర్థమైంది. ఆయన ముఖంలో రక్తం కాస్త తగ్గింది. పక్క సోఫాలో కూర్చుని షోరూమువాళ్ళిచ్చిన కాఫీ చప్పరిస్తున్న అత్తగారు, అంటే టీచరమ్మ తల్లి, కప్పు కింద పెట్టి, "వెళ్ళండి నాయనా, వెళ్ళండి. నేనెక్కడికీ పోను, ఇక్కడ చల్లగా ఉంది," అంది.

కొత్తగా చదవడం మొదలెట్టినవాళ్ళ కోసం ఈ అద్దాల సంగతి చెప్పి తీరాలి. వీళ్ళ ఇల్లు షాపు మీదే ఉంది. కింద వరసగా కుట్టు మిషన్లు, పైన రెండు గదులు, మధ్యలో పేరుకే ఒక స్లాబు. పైన మొగుడూ పెళ్ళాల గొంతు పెరిగేకొద్దీ కింద మిషన్ల చప్పుడు ఒక్కొక్కటిగా తగ్గిపోయేది. గొడవ మంచి రసపట్టులో పడేసరికి షాపంతా చెవులు రిక్కించుకుని నిశ్శబ్దంగా ఉండేది. ఇది చాలదన్నట్టు పక్క గదిలో అత్తగారు. ఆవిడకి చూపు మందగించింది గానీ వినికిడి మాత్రం రోజురోజుకీ పదునెక్కుతోంది. ఒకనాటి సాయంత్రం టీచరమ్మ కోపాన్ని పంటి బిగువున పట్టుకుని వెనక మెట్లు దిగి, షెడ్డులో ఉన్న కారెక్కి కూర్చుంది. మాస్టరు వెంటపడి వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆవిడ తన వైపు అద్దం ఎత్తింది, ఆయన వైపుదీ ఎత్తమంది, ఆ తర్వాత కడుపునిండా తిట్టింది. కింద మిషన్లు ఒక్క కుట్టు తప్పకుండా నడుస్తూనే ఉన్నాయి.

ఆ రోజు నుంచి అది ఆ ఇంటి ఆచారమైపోయింది. కూతురు ఇంజినీరింగు మానేసి వయొలిన్ నేర్చుకుంటానన్నప్పుడు అద్దాలెత్తారు. అదే కూతురు తనకి నచ్చినవాడి ఫొటో తెచ్చి చూపించినప్పుడు రెండు రోజులు వరసగా ఎత్తారు, ఆమెని అత్తారింటికి పంపిన రాత్రి మళ్ళీ ఎత్తారు. మాస్టరు గుండెకి డాక్టరు ఏదో పరీక్ష రాసినప్పుడు ఎత్తారు, అది ఏమీ కాదని తేలిన రోజున కూడా ఎత్తారు. అక్కడ కొన్ని షరతులు వాటంతటవే ఏర్పడిపోయాయి. పిలిచినవాళ్ళదే మొదటి మాట. రెండోవాళ్ళు మధ్యలో అడ్డు తగలకూడదు. మూడో మనిషి ఉండకూడదు. కారులో అబద్ధం ఆడకూడదు. బయట ఎన్నైనా ఆడుకోవచ్చు, అది వేరే సంగతి.

ఇవాళ సంతకం పెడితే ఆ కారు పోతుంది. టీచరమ్మ గొంతులో కొన్ని నెలలుగా ఒక మాట అడ్డం పడి ఉంది. ఇంట్లో చెప్పలేక, స్కూల్లో చెప్పలేక, రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదామని నెట్టుకొచ్చింది. ఇప్పుడు రేపూ లేదు, ఎల్లుండీ లేదు. చెప్పాల్సిన చోటే చేజారిపోతోంది. ఆ సంగతి పెన్ను చేతిలోకి తీసుకున్నాక గానీ ఆవిడకి తట్టలేదు.

"పాత కారు వెనక యార్డులో ఎండలో ఉంది మేడమ్," అన్నాడు సేల్స్ మేనేజరు. ఒప్పుకున్న బేరం పాత బండి దాకా వెళ్తే మళ్ళీ మొదటికొస్తుందని ఆయన అనుభవం. "మాట్లాడుకోవడానికే అయితే కొత్తదాన్లో కూర్చోండి. ఏసీ వేసిస్తాను. సౌండ్‌ప్రూఫ్. బయట బాజాలు మోగినా లోపలికి వినపడదు."

సౌండ్‌ప్రూఫ్ అన్న మాట టీచరమ్మకి నచ్చింది. సరేనంది.

షోరూము మధ్యలో దీపాల కింద ఎర్రగా నిగనిగలాడుతోంది టర్బో. మాస్టరు దాని తలుపు తీసిన తీరు చూడాలి. ఎవరో పెద్దమనిషి కోటు కొలతకి తీసుకుంటున్నంత మర్యాదగా తీశాడు. ఇద్దరూ కూర్చున్నారు. తలుపులు మెత్తగా పడ్డాయి. బయట చప్పుళ్ళు నిజంగానే ఆగిపోయాయి. టీచరమ్మ గట్టిగా ఊపిరి పీల్చుకుని భర్త వైపు తిరిగింది.

"ఏమండీ, మీతో ఒక మాట చెప్పాలి."

"చెప్పండి. మీకు ఎలా సహాయపడగలను?" అంది తియ్యటి ఆడగొంతు ఒకటి.

ఇద్దరూ అదిరిపడ్డారు. మాస్టరు వెనక సీటు వైపు తిరిగి చూశాడు. ఎవరూ లేరు. ముందు తెర మీద నీలం రంగు చుక్క ఒకటి మెరుస్తోంది.

"నిన్ను కాదమ్మా," అన్నాడు మాస్టరు తెరతో. పరాయి ఆడపిల్లతో మాట్లాడుతున్నట్టు గొంతు మర్యాదగా దానంతటదే తగ్గిపోయింది.

"క్షమించండి. నాకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పండి."

"ఇది మన మాటలు వింటోందా?" అంది టీచరమ్మ.

"దగ్గరలోని పెంపుడు జంతువుల ఆసుపత్రులు చూపిస్తున్నాను."

టీచరమ్మ తలుపు తీసుకుని దిగిపోయింది. "దీనికంటే మా అమ్మ వెయ్యి రెట్లు నయం. విన్నా, మధ్యలో మాట్లాడదు," అంది. మాస్టరు దిగబోతూ స్టీరింగు మీద ఒకసారి చెయ్యి వేసి, ఎవరూ చూడలేదు కదా అని చూసుకుని, అప్పుడు దిగాడు.

యార్డులో పాత బళ్ళన్నీ రేకుల నీడలో వరసగా నిలబెట్టారు. వాళ్ళ సెడాన్‌కి నీడ దక్కలేదు. చివర ఎండలో ఉంది. ముందు అద్దం మీద తెల్ల రంగుతో ఎవరో ఒక నెంబరు గీసేశారు. అది చూడగానే టీచరమ్మకి, ఇన్నేళ్ళు తన సొంత మనిషిలా తిరిగినదాన్ని సంతలో నిలబెట్టినట్టనిపించింది. సేల్స్ మేనేజరు తాళంచెవి ఇచ్చేటప్పుడు, "పది నిమిషాల్లో వచ్చేస్తారుగా సార్?" అని అడిగాడు. సార్ అప్పటికే తలుపు తాళం తిప్పుతున్నాడు.

ఎప్పటిలాగే ఆయన స్టీరింగు ముందు, ఆవిడ పక్కన. ఎప్పటిలాగే ఎవరి పిడి వాళ్ళు తిప్పి ఎవరి అద్దం వాళ్ళు ఎత్తారు. ఆవిడ వైపుది సగంలో పట్టేస్తే, చేత్తో పైకి నెడుతూ తిప్పడం ఆవిడకి అలవాటే. లోపల వేడి. సీట్ల నుంచి ఎండకి కాగిన పాత వాసన. బయటివాళ్ళకి అది వాసనగా ఉంటుందేమో గానీ వీళ్ళకి మాత్రం అది ఇల్లు.

"పిలిచింది నేను కాబట్టి మొదటి మాట నాది," అంది టీచరమ్మ. "కానీ నాది చెప్పేముందు మిమ్మల్ని ఒకటి అడగాలి. అడగచ్చా?"

"అడుగు."

"ఈ కారుకి నిజంగా ఏమైంది?"

మాస్టరు గుటకలు మింగాడు. ఇంట్లో అందరితోనూ, షాపులో ప్రతి మిషను దగ్గరా, ఆఖరికి కోటు కొలతలకొచ్చిన గిరాకీలతో కూడా ఆయన ఒకటే చెప్పాడు. ఇంజన్ పని అయిపోయింది, మెకానిక్కు చేతులెత్తేశాడు, ఇవాళో రేపో నడిరోడ్డు మీద ఆగిపోతుంది, అని. చెప్పి చెప్పి ఆ మాటకి మంచి ఇస్త్రీ కూడా పెట్టాడు. కానీ చెప్పినవన్నీ బయట చెప్పినవి.

"ఇంజన్‌కేం కాలేదు," అన్నాడు స్టీరింగు వైపే చూస్తూ. "రాయిలా ఉంది."

"మరి?"

"క్లచ్ పోయింది. అది నిజం. ఒట్టు. మెకానిక్కు విప్పి చూసి, క్లచ్ మీద కాలు ఆన్చి నడుపుతారా మాస్టారూ అని అడిగాడు. నన్ను! నాకు ఒళ్ళు మండి మెకానిక్కుని మార్చేశాను. రెండోవాడూ అదే అన్నాడు." మాస్టరు గొంతులో ఆ అవమానం ఇంకా పచ్చిగానే ఉంది. "అదొక్కటే అయితే బాగు చేయించుకునేవాణ్ణి. ఇంకోటుంది. చెబితే నవ్వకు."

"చెప్పండి."

"సీటు దానంతటదే జరుగుతోంది."

టీచరమ్మ ఆయన సీటు వంక ఒకసారి చూసింది.

"నిజమే! ప్రతి ఆదివారం పొద్దున్న ఎక్కేసరికి సీటు నాలుగు వేళ్ళు ముందుకొచ్చి ఉంటుంది. నా మోకాళ్ళు స్టీరింగుకి తగులుతాయి. వెనక చూసే అద్దం కిందికి దిగి ఉంటుంది. కొలతల్లో నా కన్ను మోసపోదు కదా? అయినా అనుమానం తీర్చుకుందామని సీటు కింద పట్టాల మీద నా సుద్దతో గీత గీశాను, గుడ్డ మీద గీసినట్టు. ఆదివారం చూస్తే సీటూ జరిగింది, గీతా లేదు! మళ్ళీ గీశాను, మళ్ళీ లేదు. ఇక నాకు భయం పట్టుకుంది. బండి వయసు మీద పడి లోపలంతా వదులైపోయింది, ఎప్పుడో నడుస్తుండగా సీటు ఊడొస్తే పక్కన కూర్చునేది నువ్వు కదా అని."

టీచరమ్మ రెండు చేతులతో ముఖం కప్పేసుకుంది. భుజాలు కదులుతున్నాయి. మాస్టరు గాభరాపడి, "ఏడవకు, ఏడవకు, ఏం కాలేదుగా," అన్నాడు. చేతులు తీసి చూస్తే ఆవిడ ఏడవడం లేదు. నవ్వాపుకోలేక కళ్ళలో నీళ్ళు తిరిగి, ముఖమంతా కందగడ్డలా ఎర్రబడింది.

"ఆ గీత నేనే తుడిచానండీ."

"ఏంటీ?"

"మీ ప్యాంటుకంటిన సుద్ద రాలిందనుకున్నాను. ఎక్కిన ప్రతిసారీ తడిగుడ్డతో శుభ్రంగా తుడిచాను. సీటు ముందుకి జరిపింది నేను. అద్దం దించింది నేను. మీ క్లచ్ అరగదీసింది కూడా నేనే." ఊపిరి తీసుకుంది. "కారు నేర్చుకుంటున్నాను."

ఇంత కాలం కాపురం చేసిన మనిషి శనివారం మధ్యాహ్నాలు ఎక్కడుంటుందో తనకి తెలుసనే మాస్టరు అనుకున్నాడు. శనివారం ఆయన కోటు గుడ్డలు ఎంచడానికి టోకు దుకాణాలకి ఆటోలో వెళ్తాడు. ఆవిడ ఇంట్లో పరీక్ష పేపర్లు దిద్దుకుంటుంది. అలాగని ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. ఆయనే అనుకున్నాడు.

"ఎవరు నేర్పుతున్నారు?"

"మా స్కూలు వ్యాన్ నడిపే ఆవిడ. బాగా తిడుతుంది. క్లచ్ మీంచి కాలు తీయవే తల్లీ, అది నీ కాలిపీట కాదు అంటుంది. నాకేమో కాలు తీస్తే బండి ఎటో పోతుందని భయం."

"మీ అమ్మకి తెలుసా?"

"వెనక సీట్లో కూర్చునేది మా అమ్మేగా. షికారుకొచ్చినట్టు వస్తుంది. షెడ్డు స్తంభానికి గుద్దినప్పుడు కూడా ఆవిడే, ఏం కాదులే, మీ ఆయన వాన అనుకుంటాడు అంది."

"వాన అనే అనుకున్నాను," అన్నాడు మాస్టరు నీరసంగా. బంపరు మీద పెచ్చూడిన రంగు కూడా పోయిన వర్షాల పనే అని ఆయన అందరికీ చెప్పాడు.

ఒక్క క్షణం ఇద్దరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. అంతే, నవ్వు తన్నుకొచ్చింది. మాస్టరు స్టీరింగు మీద తల పెట్టి నవ్వుతుంటే హారను మోగింది. యార్డు అవతలి నుంచి సేల్స్ మేనేజరు పిలిచారనుకుని రెండడుగులు వేసి, అద్దాల్లోంచి వీళ్ళని చూసి, ఏమీ అర్థం కాక వెనక్కి తగ్గాడు.

"అయితే కారు బాగానే ఉందన్నమాట," అంది టీచరమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "క్లచ్ వేయించుకుంటే సరిపోతుంది. కొత్త కారు అవసరం లేదు."

మాస్టరు నవ్వు ఆగిపోయింది. అవునని బుర్ర ఊపితే చాలు, అంతా సుఖంగా ముగిసిపోతుంది. ఊపలేకపోయాడు.

"అవసరం లేదు," అన్నాడు నెమ్మదిగా. "కానీ నాకు కావాలి."

షరతు ప్రకారం ఆయన పూర్తి చేసేదాకా ఆవిడ అడ్డు తగలకూడదు.

"ఆ రోజు షోరూమువాళ్ళు కొత్త కారు నడిపి చూడమన్నారు కదా. ఫ్లైఓవరు ఎక్కుతున్నాను. పాతదైతే అక్కడ గేరు తగ్గించి బతిమాలాలి. ఇది, కొంచెం కాలు నొక్కేసరికి, వెనక నుంచి ఎవరో అరచెయ్యి వేసి నెట్టినట్టు పోయింది. టర్బో అంటే అదేనట. నేను గట్టిగా నవ్వేశాను. పక్కన కూర్చున్న సేల్స్ మేనేజరు కంగారుపడ్డాడు. ఈ వయసులో నాకేంటా నవ్వని సిగ్గేసింది. ఇంటికొచ్చి నీకు చెబుదామనుకున్నాను, నోరు రాలేదు. అందుకే ఇంజన్ పోయిందన్నాను. క్లచ్ పోయిందంటే బాగు చేయించమంటావు. ఇంజన్ పోయిందంటే ఇంకెవరూ ఏమనరు." ఆయన చేతుల వంక చూసుకున్నాడు. ఏళ్ళ తరబడి కత్తెర పట్టి బొటనవేలు మొదట్లో కాయ కాసిన చెయ్యి. "నా దగ్గరికి రోజూ ఎవరో ఒకరొస్తారు. కోటు అవసరం లేదు మాస్టారూ, కానీ కుట్టించుకోవాలనుంది అంటారు. నేను వాళ్ళ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, నోట్లో గుండుసూదులు పెట్టుకుని, మంచి పని చేస్తున్నారు సార్ అంటాను. మనస్ఫూర్తిగానే అంటాను. నేను ఒక్కసారి అలా అనుకోవడం తప్పా?"

టీచరమ్మకి కోపం వచ్చింది, ఆ కోపమంతా ప్రేమే. "మీకు కావాలంటే నాకు చాలదా? ఇంజన్‌ని చంపెయ్యాలా?" అంది. "ఇన్నేళ్ళలో మీరు నన్ను ఏదైనా కావాలని అడిగారా అసలు? నేను చూస్తూనే ఉన్నాను. ఒక్కసారి అడిగితే బాగుండునని నాకూ ఉంటుంది కదండీ."

మాస్టరు ఆవిడ చెయ్యి తీసుకుని తన చేతిలో పెట్టుకున్నాడు. ఆ వేడి కారులో, నెత్తిన ఎండ మాడుతుండగా, చాలా రోజుల తర్వాత ఆయనకి ఒళ్ళంతా తేలికపడింది.

"తీసుకుందాం," అంది ఆవిడ. "ఆ వాగుడుకాయ నోరు మూయించే మీట ఏదో ఉండే ఉంటుంది, కనుక్కోండి. సంతకం పెడతాను."

"నువ్వూ నడుపుదువుగాని. దానికి క్లచ్చే లేదు."

"లేదా! మరి నేను నెలల తరబడి ఆ క్లచ్ కోసం చెమటోడ్చిందంతా ఏమైనట్టు?" అని మళ్ళీ నవ్వింది. కానీ ఈసారి నవ్వు త్వరగా ఆగిపోయింది. "నేనెందుకు నేర్చుకుంటున్నానో మీరడగలేదు."

"ఎందుకు?"

ఇప్పుడు గుటకలు మింగడం ఆవిడ వంతయింది. "కొండ దారిలో ఆ పెద్ద రెసిడెన్షియల్ స్కూలుంది కదా. వాళ్ళు నన్ను హెడ్‌మిస్ట్రెస్‌గా రమ్మన్నారు."

మాస్టరు సీట్లో ఎగిరినంత పని చేశాడు. "హెడ్‌మిస్ట్రెస్సా! ఇన్నాళ్ళు దాచావా? ఎవరికైనా చెప్పావా? మీ అమ్మకి? అమ్మాయికి?"

"మీకే ముందు చెబుతున్నాను. నా పాత స్టూడెంటు ఒకతను అక్కడ ఉన్నాడు, తనే నా పేరు చెప్పాడట. మొదట వద్దనుకున్నాను. ఈ వయసులో కొత్త బడేమిటి, కొత్త పిల్లలేమిటి అని. తర్వాత ఒక రోజు క్లాసులో పాఠం చెబుతూ చెబుతూ కిటికీలోంచి ఆ కొండ వైపే చూస్తున్నానని నాకే తెలిసింది. నాకూ కావాలనిపించిందండీ. మీ టర్బోలాగే."

"ఇంకేం! రోజూ నేనే దింపుతాను," అన్నాడు మాస్టరు. గాల్లో తేలిపోతున్నాడు. "ఆ కొండ దారి టర్బోకే పుట్టింది. పొద్దున్నే నిన్ను దింపి, షాపు తెరిచే టైముకి వచ్చేస్తాను. సాయంత్రం కత్తెర పక్కన పడేసి మళ్ళీ వస్తాను. సెలవుల్లో నువ్వు నడుపు, నేను పక్కన కూర్చుంటాను. నీ బోర్డు మీద పేరు పెద్ద అక్షరాలతో..."

"ఏమండీ."

"ఊఁ."

"రోజూ వెళ్ళిరావడం కుదరదు. అక్కడ పిల్లలంతా హాస్టల్లోనే ఉంటారు. హెడ్‌మిస్ట్రెస్ కూడా అక్కడే ఉండాలి. లోపలే ఇల్లిస్తారు. నేను చూసొచ్చాను. చుట్టూ గోడలు మందం, ముందు వరండా. సెలవులకి ఇటు రావడానికే కారు నేర్చుకున్నాను, మొదట్లో."

మాస్టరు చెయ్యి ఆవిడ చేతి మీదే ఉంది గానీ అందులో పట్టు పోయింది. "మొదట్లో అంటే?" అన్నాడు.

"మొదట్లో ఒక్కదాన్నే వెళ్దామనుకున్నాను. ఉండలేను. రెండు రాత్రులు ఊహించుకుని చూశాను, నావల్ల కాలేదు. ఇవాళ పొద్దున ఫోన్ చేసి ఒప్పుకున్నాను. ఇంట్లో ఎంతమంది ఉంటారని అడిగారు." ఆవిడ ఆయన కళ్ళలోకి చూసింది. "ముగ్గురమని చెప్పాను. మీరూ, అమ్మా, నేనూ. మిమ్మల్ని అడక్కుండా చెప్పేశాను. తిట్టండి."

మాస్టరు తిట్టలేదు. నుదుటి చెమట తుడుచుకున్నాడు. షాపు గురించి అంటాడనుకుంది ఆవిడ. తాతల నాటి షాపు కాదు గానీ, తన చేతులతో పెట్టుకున్న షాపు. అది వదిలి రమ్మనడం చిన్న మాట కాదని ఆవిడకి తెలుసు.

"నేనూ ఇవాళ పొద్దున ఒకటి ఒప్పుకున్నాను," అన్నాడు మాస్టరు.

"ఏమిటి?"

"కారు పోతే మనం మాట్లాడుకోవడానికి చోటుండదని నాకూ తెలుసు. నీకొక్కదానికే తట్టిందనుకున్నావా? దీన్ని ఇచ్చేయాలనుకున్న రోజు నుంచీ నాకు అదే రంధి. మన షాపు పక్క గది ఖాళీ అయింది కదా. ఓనరుతో మాట్లాడి తీసుకున్నాను. సగం షాపుకి. మిగతా సగం నీకు, గట్టి తలుపు పెట్టించి, లోపల చప్పుడు బయటికి రాకుండా. రెండు కుర్చీలు, ఒక ఫ్యాను. నీ పేపర్లు దిద్దుకోవడానికి బల్ల. సాయంత్రం ఇంటికెళ్ళాక తాళంచెవి నీ చేతిలో పెడదామనుకున్నాను."

టీచరమ్మకి కళ్ళు నిండిపోయాయి. ఈ మనిషి మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో, అంత భయమూ వేసింది.

"ఇంకా అడ్వాన్సు మాటలేగా? వద్దని చెప్పేయచ్చుగా?"

మాస్టరు తేలు కుట్టిన దొంగలా చూశాడు. "షాపుకీ ఆ గదికీ మధ్య గోడ కొట్టడానికి మనుషుల్ని మాట్లాడాను," అన్నాడు. "ఇవాళ మధ్యాహ్నమే మొదలుపెట్టమన్నాను."

టీచరమ్మ నెత్తి మీద మాడుతున్న ఎండ వైపు ఒకసారి చూసింది.

"ఇది మధ్యాహ్నమే కదండీ," అంది.